బొమ్మకు డబ్బెవరిస్తారు? చెన్నై, బెంగళూరుల్లో చిత్రకారులకూ డిజైనర్లకూ ఉన్న దారులు

బొమ్మలు బాగా వేసే పిల్లలంటే ఇంట్లో అందరికీ ముచ్చటే. ఇంటర్ అయ్యి, ఎంసెట్ ర్యాంకుల మాట వచ్చేసరికి ఆ ముచ్చట కాస్తా టెన్షన్‌గా మారుతుంది. ‘ఫైన్ ఆర్ట్స్ చదివితే ఉద్యోగం వస్తుందా?’ అని పెద్దవాళ్లు అడుగుతారు. దీనికి ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. బొమ్మతో చేసే పని ఒక్కటైతే కదా చెప్పడానికి! సినిమా సెట్టుకు బొమ్మ కావాలి, కారు తలుపుకు కావాలి, ఫోన్లో యాప్‌కు కావాలి, చెప్పుల కంపెనీకీ కావాలి. డబ్బిచ్చేవాడు మారితే పని తీరు మారుతుంది, జీతం మారుతుంది, ఉద్యోగ భద్రత మారుతుంది. ఆఖరికి వేసిన బొమ్మ మీద హక్కు ఎవరిదన్న సంగతి కూడా మారిపోతుంది. అందుకే ఏ కోర్సులో చేరాలని అడిగే ముందు, ఈ పనికి డబ్బెవరిస్తారు, దేనికిస్తారు అని అడగడం మేలు.

హైదరాబాద్‌ను పక్కన పెడితే తెలుగు పిల్లలు ఈ దారిలో ఎక్కువగా చేరే ఊళ్లు రెండు. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు చెన్నై దగ్గర. అనంతపురం, కర్నూలు వాళ్లకు బెంగళూరు దగ్గర. స్థూలంగా చూస్తే చెన్నై వస్తువుల ఊరు, బెంగళూరు తెరల ఊరు. సినిమా సెట్లు, వాహనాలు, తోలు, అచ్చు పుస్తకాలు ఒకవైపు. యాప్‌లు, యానిమేషన్, గేమ్స్ ఇంకోవైపు. ఈ గీత అన్నిచోట్లా నిలవదు గానీ మొదట దారి వెతుక్కోవడానికి పనికొస్తుంది.

‘కళాకారుడు కళ కోసమే బతకాలి, మిగతాదంతా రాజీ’ అనే మాట మనలో బాగా పాతుకుపోయింది. చెన్నై చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు. ఎగ్మోర్ దగ్గరున్న ప్రభుత్వ కళాకళాశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. కుండలు, చెక్కడాలు, అచ్చు పనుల్లాంటి చేతిపనుల్లో జనానికి నైపుణ్యం నేర్పడం దాని మొదటి ఉద్దేశం. తర్వాత దేవీప్రసాద్ రాయ్ చౌధురి, కె.సి.ఎస్. పణిక్కర్ లాంటి వాళ్ల చేతుల్లో అది ఆధునిక చిత్రకళకు కేంద్రమైంది. ఆ పణిక్కర్, ఆయన వెంట నడిచిన చిత్రకారులు 1966లో ఇంజంబాక్కం దగ్గర సముద్రపు ఒడ్డున చోళమండలం కళాగ్రామాన్ని కట్టుకున్నారు. దానికి సర్కారు గ్రాంటు లేదు, జమీందారు దానమూ లేదు. బాతిక్ గుడ్డలు (మైనం పూసి రంగులద్దేవి), చేతిపని వస్తువులు తయారుచేసి అమ్ముకుని, ఆ డబ్బుతో స్థలం కొన్నారు. పగలు బాతిక్, మిగిలిన పొద్దు సొంత చిత్రం. దేశంలో పేరున్న ఒక కళా ఉద్యమం సైడ్ బిజినెస్ మీద నిలబడిందన్న సంగతి, ‘డిజైన్ పని చేస్తే ఆర్టిస్టుగా చచ్చిపోతాం’ అని భయపడే విద్యార్థులకు ఎవరైనా చెబితే బాగుండు.

తెలుగువాళ్ల అనుభవమూ ఇదే. మద్రాసులో చందమామ ఆఫీసు చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల చేత నెల నెలా బొమ్మలు వేయించుకుంది. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వం చేసిన ‘మాయాబజార్’ (1957) సెట్లు ఇప్పటికీ మాట్లాడుకుంటాం. మచిలీపట్నం మూలాలున్న తోట తరణి, తండ్రి తోట వెంకటేశ్వరరావు వెంట సెట్ల మీద పెరిగి, ఇదే కళాకళాశాలలో చదివి, సినిమాల్లో జాతీయ అవార్డులు తీసుకుంటూనే చిత్రకారుడిగా ప్రదర్శనలూ పెట్టారు. వీళ్లలో ఎవరూ ‘కళా, ఉద్యోగమా’ అని తేల్చుకుని ఒకదాన్ని వదిలేసిన వాళ్లు కారు.

సినిమా కళా విభాగం చెన్నైలో ఇప్పటికీ బతికున్న దారి. ‘బాహుబలి’కి కళాదర్శకుడైన సాబు సిరిల్ కూడా ఇదే కళాశాలలో చదివి, కొన్నాళ్లు గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసి సినిమాల్లోకి వెళ్లారు. బయటివాళ్లకు కళాదర్శకుడి పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆయన కింద స్కెచ్ వేసే అసిస్టెంట్లు, కొలతల డ్రాయింగ్ తీసేవాళ్లు, త్రీడీ మోడల్ చేసేవాళ్లు, మౌల్డింగ్ మేస్త్రీలు, వడ్రంగులు, పాతబడిన గోడలా రంగు కొట్టగల పెయింటర్లు ఉంటారు. శిల్పం చదివిన వాళ్లకు మౌల్డింగ్ విభాగంలో, మ్యూరల్ (గోడ చిత్రాలు) చదివిన వాళ్లకు రంగుల పనిలో చోటు దొరుకుతుంది. చిక్కల్లా ప్రవేశం దగ్గరే. దక్షిణాది సినిమా ఉద్యోగుల సమాఖ్య ఫెఫ్సీ కింద ఒక్కో క్రాఫ్టుకు ఒక్కో యూనియన్ ఉంటుంది. కార్డు లేకుండా పెద్ద సినిమాల్లో నిలదొక్కుకోవడం కష్టం, కార్డు కావాలంటే డబ్బూ కావాలి, ముందు నుంచి తెలిసినవాళ్లూ కావాలి. పైగా జీతం సినిమా ఉన్నన్నాళ్లే. రెండు సినిమాల మధ్య ఖాళీని తట్టుకునే ఏర్పాటు లేనివాళ్లు ఈ దారిలో మొదటి రెండు మూడేళ్లలోనే అలసిపోతారు.

సినిమా బొమ్మల మీదే బతికిన ఇంకో వర్గం కళ్లముందే కరిగిపోయింది. మౌంట్ రోడ్డు మీద నిలువెత్తు కటౌట్లు, చేత్తో వేసిన బ్యానర్లు ఒకప్పుడు చెన్నై గుర్తు. కంప్యూటర్ ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చాక 2000ల మొదటి పదేళ్లలో ఆ పని దాదాపు అంతరించింది. ఆ పెయింటర్ల చేతిలో పనితనం తగ్గలేదు. అదే సైజు బొమ్మను మిషన్ ఒక్క రాత్రిలో, చాలా తక్కువకు ఇచ్చింది, అంతే. ఇప్పుడు కృత్రిమ మేధ గురించి చర్చ జరుగుతున్నప్పుడు, ఫ్లెక్సీ కథ తెలిసినవాళ్లకు అందులో కొత్త విషయం తక్కువ.

బెంగళూరు సంగతి వేరు. అక్కడ డిజైనర్ అనగానే ఎక్కువమంది మనసులో మెదిలేది యూఎక్స్, అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. యాప్‌లో ఏ తెర తర్వాత ఏ తెర రావాలి, ఏ మాట ఎక్కడుండాలి, డబ్బు కట్టేటప్పుడు మనిషి ఎక్కడ తికమకపడి వెనక్కి పోతున్నాడు అని కనిపెట్టి సరిచేసే పని ఇది. నిజం చెప్పాలంటే దీనికి బొమ్మ వేసే చెయ్యి అంత అవసరం లేదు. జనంతో మాట్లాడే ఓపిక, తర్కం, రాత, ఇంజనీర్లతో వాదించే ధైర్యం కావాలి. బొమ్మలంటే ప్రాణం కాబట్టి యూఎక్స్‌లో చేరి, రోజంతా ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో డబ్బాలు జరుపుతూ నీరసపడేవాళ్లు ఉన్నారు. గీత రాకపోయినా మనుషుల తీరు గమనించే అలవాటున్న బీటెక్ పిల్లలు ఇందులో బాగా రాణిస్తున్నారు. జీతాల పరంగా ఈ రంగంలో కాస్త స్థిరమైన దారి ఇదే కాబట్టి అందరూ దీని మీదే పడ్డారు. బీటీఎం లేఅవుట్, మారతహళ్లి పీజీల్లో ఉండి మూణ్ణెల్ల కోర్సు చేసి, మిగతా బ్యాచ్ అంతా చేసిన అదే ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్‌ను పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనుల నమూనాల్లో) పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇంటర్వ్యూలే రావడం లేదు. అమీర్‌పేటలో జావా కోర్సులకు ఏం జరిగిందో ఇక్కడా అదే జరుగుతోంది.

పోర్ట్‌ఫోలియోలో పని కనబడాలంటే సమస్య నిజమైనదై ఉండాలి. తెలుగు పిల్లలకు అలాంటి సమస్య చేతికందే దూరంలోనే ఉంది. ఇంగ్లిష్ అక్షరాలను కొలతగా పెట్టుకుని గీసిన బటన్లో తెలుగు మాట పెడితే కింద ఒత్తు తెగిపోతుంది, పైన గుడి, తలకట్టు అంచుకు తగులుతాయి. ‘రాష్ట్రం’, ‘స్వీకర్త’ లాంటి మాటలు సరిగ్గా పట్టాలంటే వరుసల మధ్య దూరం పెంచాలి, అక్షరం సైజు మార్చాలి, ఒక్కోసారి తెర అమరికే మార్చాలి. బ్యాంకు యాప్‌లు, ప్రభుత్వ సేవలు, వ్యవసాయ సమాచారం తెలుగులోకి వస్తున్న కొద్దీ ఈ పని పెరుగుతోంది. గుంటూరు మిర్చి రైతు ఫోన్ ఎలా పట్టుకుంటాడో, ఏ మాట చూసి భయపడతాడో తెలిసిన డిజైనర్ బెంగళూరు ఆఫీసులో అంత సులువుగా దొరకడు. దీనికి ఆనుకునే అక్షర రూపకల్పన అనే చిన్న రంగముంది. రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. అయినా ఒకే ఫాంటులో సన్నం నుంచి మందం దాకా అన్ని రూపాలూ ఉన్నవి తెలుగులో ఇప్పటికీ తక్కువే. ఈ పనితోనే బతికే వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు గానీ, యూఎక్స్ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఈ తెలివిడి వల్ల విలువ పెరుగుతుంది.

తెరల ఊరిలో రెండో పెద్ద యజమాని యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ రంగం. కర్ణాటక 2012లోనే ఈ రంగానికి ప్రత్యేక విధానం తెచ్చింది. బయటి దేశాల సినిమాల పని వచ్చి పడినన్నాళ్లు వేలమంది కుర్రాళ్లు రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్ అనే మొదటి మెట్టు విభాగాల్లో చేరారు. రోటో అంటే ఫ్రేము ఫ్రేముకూ మనిషి చుట్టూ గీత గీసి వెనకున్న దృశ్యం నుంచి విడదీయడం. నేర్చుకోవడం తేలిక, చేయడం విసుగు, కానీ స్టూడియోలోకి అడుగుపెట్టే తలుపు అదే. 2023లో హాలీవుడ్‌లో రచయితలు, నటులు సమ్మెకు దిగితే ఇక్కడి సీట్లు ఖాళీ అయ్యాయి. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు దాని బెంగళూరు స్టూడియో వాళ్లు వేలల్లో రోడ్డున పడ్డారు. లోపం వాళ్ల పనిలో లేదు. డబ్బిచ్చేవాడు ఎక్కడో దూరాన ఒక్కడే ఉండటం ఈ రంగపు బలహీనత. దానికి తోడు రోటో, వైరు చెరిపే పని లాంటివి సాఫ్ట్‌వేరే చేసే రోజులొచ్చాయి. అంటే పోయేది ముందుగా కింది మెట్టు ఉద్యోగాలే. విడివిడి దృశ్యాలను ఒకే ఫ్రేములో కలిపే పెద్ద కంపాజిటర్ ఉద్యోగం ఉంటుంది, కానీ ఆ స్థాయికి ఎదగడానికి ఎక్కాల్సిన మెట్టు ఉండదు. కొత్తగా చేరేవాళ్లను ఇంతకన్నా భయపెట్టాల్సిన విషయం ఈ రంగంలో లేదు, కోర్సులు అమ్మేవాళ్లు మాత్రం దీని ఊసెత్తరు. స్టోరీబోర్డు (సన్నివేశాన్ని షాటు షాటుగా బొమ్మల్లో) వేయగలిగిన వాళ్లకూ, పాత్రలను కల్పించగల కాన్సెప్ట్ ఆర్టిస్టులకూ ఇంకా గిరాకీ ఉంది. అక్కడ నిజంగానే చెయ్యి కావాలి, శరీర నిర్మాణం తెలియాలి, వెలుగునీడలు తెలియాలి. ఆ సీట్లు తక్కువ.

చేత్తో తాకే వస్తువుల వైపు వస్తే తెలుగు ఇళ్లల్లో అస్సలు చర్చకు రాని ఉద్యోగాలు కనిపిస్తాయి. కారు డిజైన్ అనగానే కంప్యూటర్ అనుకుంటాం. తెర మీద గీసిన రూపాన్ని నిలువెత్తు మట్టి నమూనాగా చేసి, చుట్టూ తిరిగి, వెలుతురులో దాని వంపులు చూసిగానీ చాలా స్టూడియోలు తుది నిర్ణయం తీసుకోవు. నురగ దిమ్మె మీద వేడి చేసిన పారిశ్రామిక మట్టిని పూసి, పనిముట్లతో గీరి, మిల్లీమీటరు తేడా కూడా లేకుండా వంపు తేల్చేవాళ్లను క్లే మోడలర్లు అంటారు. దాన్ని స్కాన్ చేసి తిరిగి కంప్యూటర్లోకి తెస్తారు. శిల్పం చదివిన విద్యార్థి చేతికి ఇంతగా సరిపోయే ఉద్యోగం ఇంకోటి అరుదు. కానీ శిల్ప విభాగాల్లో ఈ మాట వినిపించదు, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ చెయ్యి ఉండదు. శ్రీపెరంబుదూరు, ఒరగడం చుట్టూ వాహన పరిశ్రమ ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ టెక్నికల్ సెంటర్ చెన్నైలో ఉంది. 2025లో రెనో కూడా చెన్నైలో డిజైన్ సెంటర్ తెరిచింది. బండి లోపలి గుడ్డలు, రంగులు, ప్లాస్టిక్ మెరుపులు ఎంచే విభాగాన్ని కలర్, మెటీరియల్, ఫినిష్ అంటారు. టెక్స్‌టైల్ చదివినవాళ్లకు అది నేరుగా పనికొచ్చే తలుపు.

ఈ రెండు నగరాల మధ్య, బెంగళూరుకు దగ్గరగా హోసూరు ఉంది. సంతలో తెలుగు ధారాళంగా వినిపించే ఊరు. టీవీఎస్ మోటార్ ఫ్యాక్టరీ, టైటాన్ గడియారాల ఫ్యాక్టరీ, ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీ అక్కడే ఉన్నాయి. గడియారం డయల్ మీద అంకె ఎంత సన్నగా ఉండాలి, నగలో రాయి ఎలా కూర్చోవాలి లాంటి చిన్న ప్రశ్నల మీద జీవితమంతా పనిచేసే డిజైనర్లు టైటాన్ లాంటి సంస్థల్లో ఉంటారు. నగల డిజైన్ తెలుగువాళ్లకు కొత్తేం కాదు, కాసులపేరు, వడ్డాణం చూస్తూ పెరిగిన కళ్లు మనవి. అయినా దాన్ని చదువుగా చూసేవాళ్లు తక్కువ. చెన్నై అడయార్‌లో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ, ఆంబూరు, రాణిపేట వైపున్న చెప్పుల ఫ్యాక్టరీలు పాదరక్షల డిజైనర్లకు ఆధారం. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ప్రింట్ డిజైనర్ల పని ఎప్పుడూ ఉంటుంది, జీతం మాత్రం మొదట్లో ఊరించేలా ఉండదు.

పిల్లల పుస్తకాల ప్రచురణలో రెండు ఊళ్లకూ మంచి పేరుంది. చెన్నైలో తార, తులిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్ ఉన్నాయి. తులిక, ప్రథమ్ తెలుగులోనూ పుస్తకాలు వేస్తాయి. పేరు వస్తుంది, తృప్తి ఉంటుంది, ఇల్లు గడవడానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

ఇక ఎవరి ఆర్డరూ లేకుండా వేసే సొంత చిత్రం. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్ ఏటా జనవరిలో కుమారకృపా రోడ్డు మీద ఒక ఆదివారం చిత్రసంతె పెడుతుంది. రోడ్డంతా బొమ్మలే. వేర్వేరు రాష్ట్రాల నుంచి చిత్రకారులు వస్తారు, మధ్యతరగతి జనం బేరమాడి కొంటారు. గ్యాలరీ అమ్మితే ధరలో మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్‌గా పోవడం మామూలే, ఇక్కడ అమ్మిన డబ్బు చేతికొస్తుంది. అయితే సంతలో అమ్ముడుపోయే సైజు, అమ్ముడుపోయే విషయం వేరు. అలవాటుపడితే గణపతి బొమ్మలే వేస్తూ ఉండిపోయే ప్రమాదమూ ఉంది. చెన్నై గ్రీమ్స్ రోడ్డులోని లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో ప్రింట్ మేకింగ్, శిల్పం, సెరామిక్స్ స్టూడియోలున్నాయి. సొంతంగా ఎచింగ్ ప్రెస్సు (లోహపు పలక మీది బొమ్మను అచ్చు తీసే యంత్రం) కొనలేని వాళ్లకు ఇది పెద్ద ఊరట. కళాసాధనకు గ్రాంట్లిచ్చే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ బెంగళూరులోనే ఉంది. గ్రాంటుకు దరఖాస్తు రాయడం కూడా ఒక విద్యే, మన ఫైన్ ఆర్ట్స్ కోర్సుల్లో అది నేర్పరు.

మ్యూజియంల పని గురించి కూడా ఒక మాట. 2023లో బెంగళూరు కస్తూర్బా రోడ్డులో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ తెరుచుకుంది. ప్రదర్శన అమరిక, కేటలాగు, పాత చిత్రాల సంరక్షణ లాంటి పనులకు మనుషులు కావాలి. పాత తైలవర్ణ చిత్రం మీద పొర తీయడానికి రసాయనశాస్త్రం, చెయ్యి రెండూ తెలిసుండాలి. బైపీసీ చదివి బొమ్మలూ వచ్చిన పిల్లలకు ఇలాంటి పని ఒకటుందని ఎవరూ చెప్పరు.

చదువు సంగతికి వస్తే దారులు స్థూలంగా రెండు. ఒకటి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్ఏ, కర్ణాటకలో బీవీఏ, నాలుగేళ్లు. చేతికి సాధన, ప్రభుత్వ కళాశాలైతే ఫీజు తక్కువ. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఈ కోవలోవే. రెండోది బీడిజైన్, అదీ నాలుగేళ్లే. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ), ఐఐటీలు, బెంగళూరు యెలహంకలోని సృష్టి లాంటి ప్రైవేటు సంస్థలు నడుపుతాయి. ప్రైవేటులో ఫీజు లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి చేరితే, చేతికి నచ్చిన పని కన్నా ఈఎంఐ కట్టగలిగే పనే ఎంచుకోవాల్సి వస్తుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఈ లెక్క ఎవరికీ తట్టదు. ఐఐటీల బీడిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, వరుసగా రెండేళ్లే అవకాశం. పీజీ అయిన ఎండిజైన్‌కు సీడ్ అనే పరీక్ష రాయాలి. దానికి వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఇంట్లోవాళ్ల మాట కాదనలేక బీటెక్ చేసినవాళ్లకు ఇదే రెండో తలుపు. బెంగళూరులోని ఎన్‌ఐడీ క్యాంపస్‌లో ఇంటరాక్షన్ డిజైన్, ఇన్ఫర్మేషన్ డిజైన్, గేమ్ డిజైన్ లాంటి పీజీ కోర్సులున్నాయి. బోధన వైపు వెళ్లాలనుకుంటే యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ ఒక సబ్జెక్టు. మన దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు స్కూళ్లలో డ్రాయింగ్ మాస్టార్లుగా చేరుతుంటారు.

ఏ దారిలో వెళ్లినా, విడిగా పని చేసుకునేవాళ్లు అందరికన్నా ఎక్కువగా నష్టపోయేది కాగితం దగ్గర. బొమ్మ మీద కాపీరైటు ఎప్పుడూ వేసినవాడిదే అని చాలామంది నమ్ముతారు. 1957 కాపీరైట్ చట్టం అలా చెప్పదు. ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. అంతేకాదు, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్, తీయించుకున్న ఫోటోల మీద మొదటి హక్కు కూడా, ఎదురు ఒప్పందం లేనంతవరకూ, వేయించుకున్నవాళ్లకే వెళ్తుంది. హక్కులు రాసివ్వాలంటే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తారు. ‘ఒక పోస్టర్‌కే కదా’ అని ఇచ్చిన బొమ్మ టీషర్టుల మీదికీ, క్యాలెండర్ల మీదికీ ఎక్కకుండా ఉండాలంటే, ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ముందే రాయించుకోవాలి. బొమ్మ తనదేనని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేయకుండా కాపాడుకునే హక్కు మాత్రం, మిగతావన్నీ రాసిచ్చాక కూడా వేసినవాడి దగ్గరే ఉంటుంది.

డబ్బు వసూలు ఇంకో తలనొప్పి. అడ్వాన్సు సగం, కరెక్షన్లు ఎన్నిసార్లో లెక్క, ఫైనల్ ఫైలు ఇచ్చేముందు మిగతా మొత్తం అని మొదటి మెయిల్లోనే రాసేవాళ్లకు గొడవలు తగ్గుతాయి. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేవరకూ సేవలకు జీఎస్టీ నమోదు సాధారణంగా అక్కర్లేదు. కంపెనీలు ఫీజులో 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తే, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకునే వీలుంది, చాలామంది వేయకుండా వదిలేస్తారు. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకుంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం అండ దొరుకుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్న సంస్థ 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు, ఆపితే చక్రవడ్డీతో కట్టాలి, ఫిర్యాదు చేయడానికి ఆన్‌లైన్ వేదిక ఉంది. బిల్లు కింద ఉద్యమ్ నంబరు వేస్తే చాలు, అకౌంట్స్ వాళ్ల వైఖరిలో తేడా కనిపిస్తుంది.

ముందు పది నిమిషాలు పెట్టి ఉద్యమ్‌లో నమోదు చేసుకోవాలి, అంతే. ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది.